క్యూఆర్ కోడ్‌తో ప్రచారం, ఉద్యోగ నియామకాలు: సక్రమంగా చేసే పద్ధతి

క్యూఆర్ కోడ్ తయారు చేయడానికి ఏ సైటు మంచిది అని చాలామంది అడుగుతూ ఉంటారు. ఆ పని రెండు నిమిషాలది, ఏ సైటులో చేసినా పెద్ద తేడా ఉండదు. కరపత్రం మీద కోడ్ వేసినా ఎవరూ స్కాన్ చేయకపోవడానికి, స్కాన్ చేసినవారు దరఖాస్తు నింపకుండానే వెళ్లిపోవడానికి కారణాలు సాధారణంగా మరోచోట ఉంటాయి: తెరుచుకునే పుట సరిగా లేకపోవడం, కోడ్ పెట్టిన చోటు తప్పు కావడం, పక్కన రాసిన మాట అర్థం కాకపోవడం.

అందువల్ల ఈ మార్గదర్శి పుటతో మొదలై, లింకు, కోడ్, కొలత, ముద్రణ, పరీక్ష అనే వరుసలో సాగుతుంది. ఈ వరుస మార్చకండి. పుటను ఎన్నిసార్లయినా దిద్దవచ్చు కానీ, ప్రెస్సు నుంచి వచ్చిన 5,000 కరపత్రాలను దిద్దలేము.

వివరణ కోసం రెండు ఊహా ఉదాహరణలు తీసుకుందాం. రెండూ హైదరాబాద్‌వే. ఒకటి, కూకట్‌పల్లిలో కొత్తగా తెరిచిన దంత వైద్యశాల పంచే కరపత్రం. రెండోది, పటాన్‌చెరు వైపు ఉన్న గోదాముకు ప్యాకింగ్ పనివారి కోసం వేసే పోస్టరు.

## 1. మొదట కాగితం మీద రాసుకోవలసిన జవాబులు

- స్కాన్ చేసినవారు చేయవలసిన ఒకే ఒక్క పని ఏమిటి? ఫోన్ చేయడమా, వాట్సాప్‌లో సందేశం పంపడమా, ఫారం నింపడమా?
- ఆ క్షణంలో వారు ఎక్కడ ఉంటారు? కూర్చుని ఉంటారా, నడుస్తూ ఉంటారా, బండి మీద ఉంటారా?
- వారు ఏ భాష సులభంగా చదువుతారు?
- వారి సందేశం వచ్చాక మీ వైపు నుంచి ఎవరు, ఎన్ని గంటల్లో జవాబిస్తారు?
- కోడ్ ఎంతకాలం పనిచేయాలి?

ఎక్కువమంది వదిలేసేది నాలుగో ప్రశ్న. ఆదివారం పోస్టరు అంటించి సోమవారం సాయంత్రం దాకా సందేశాలు చూసే మనిషి లేకపోతే, ఆ లోపు సగం మంది మరో గేటు దగ్గర పని వెతుక్కుంటారు. జవాబిచ్చే మనిషి పేరు ఖాయం కానంతవరకు తరువాతి అడుగుకు వెళ్లకండి.

ఒక కోడ్‌కు ఒకే పని ఉండాలి. వెబ్‌సైటుకు ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌కు ఒకటి, లొకేషన్‌కు ఒకటి అని ఒకే కరపత్రంలో మూడు కోడ్‌లు పక్కపక్కన వేస్తే కెమెరా దేనిని పట్టుకుంటుందో వేసినవారికే తెలియదు.

## 2. తెరుచుకునే పుటను సిద్ధం చేయడం

స్కాన్ చేసినవారిని సంస్థ హోమ్ పేజీకి పంపడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. అక్కడ వారు మళ్లీ మెనూ తెరిచి, కెరీర్స్ అనే చోటు వెతికి, ఇరవై ఉద్యోగాల జాబితాలో తమకు కావలసినది ఏరుకోవాలి. నిలబడి ఫోన్ చూస్తున్నవారికి అంత ఓపిక ఉండదు. పోస్టరు ఏ విషయం చెప్పిందో పుట ఆ విషయంతోనే మొదలుకావాలి, శీర్షిక కూడా అదే మాటలతో ఉండాలి.

ప్రచారానికి. దంత వైద్యశాల పుటలో పై భాగంలోనే చిరునామా, పనివేళలు, మొదటి పరీక్షకు ఫీజు, అపాయింట్‌మెంట్ బటన్ కనిపించాలి. వైద్యుల ఫొటోలు, యంత్రాల వివరాలు కిందికి పోవచ్చు. చిరునామాలో మెట్రో స్తంభం సంఖ్య రాస్తే కూకట్‌పల్లి రోడ్డు మీద దారి అడగవలసిన అవసరం సగం తగ్గుతుంది. ఈ నగరంలో అందరూ గుర్తుపట్టే చిరునామా అదే.

నియామకాలకు. ఇక్కడ మరింత శ్రద్ధ అవసరం, ఎందుకంటే అభ్యర్థి ఒక నిర్ణయం తీసుకోవడానికి కావలసిన విషయాలన్నీ ఒక తెర మీద ఇమడాలి. గోదాము పుట పై భాగం ఇలా ఉండవచ్చు:

> ప్యాకింగ్ పని, పటాన్‌చెరు
> షిఫ్టు: ఉదయం 6 నుంచి 2 వరకు, లేదా మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు
> జీతం: చేతికి వచ్చే మొత్తం ఇంత, పీఎఫ్, ఈఎస్ఐ విడిగా
> కంపెనీ బస్సు: మియాపూర్, బీహెచ్ఈఎల్ నుంచి
> చదువు: పదో తరగతి; ఫెయిలైనా పరవాలేదు
> ఈ ఉద్యోగానికి ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు

దీని కింద నాలుగు ప్రశ్నలు చాలు: పేరు, ఫోన్ నంబరు, ఉండే ప్రాంతం, ఇష్టమైన షిఫ్టు. వాటి పక్కనే ఫోన్ బటన్ ఒకటి ఉండాలి. జీతం దాచిపెట్టి ‘పరిశ్రమ ప్రమాణాల ప్రకారం’ అని రాసే అలవాటును, కనీసం ఈ స్థాయి ఉద్యోగాలకైనా మానుకోవడం మంచిది. బస్సు ఎక్కడ ఆగుతుంది, చేతికి ఎంత వస్తుంది అనే రెండు విషయాలే చదివేవారు ముందుగా వెతుకుతారు, అవి లేకపోతే ఫోన్ చేసి అడగరు, పుట మూసేస్తారు.

చివరి వాక్యం విషయంలోనూ రాజీ పడకండి. ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు గుంజే మోసాలు నగరంలో అందరికీ తెలిసినవే కాబట్టి, ఆ వాక్యం కనబడగానే చదివేవారి అనుమానం కొంత తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు అడిగేవి మారుతాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దగ్గర ఫ్రెషర్ల కోసం వేసే పోస్టరైతే ఏ సంవత్సరం బ్యాచ్, ఏ నైపుణ్యం, బాండ్ (ఇంతకాలం మానకూడదన్న ఒప్పందం) ఉందా లేదా అన్నవి ముందుగా చెప్పాలి. అనుభవజ్ఞుల కోసమైతే ఆఫీసు గచ్చిబౌలిలో ఉందా, వారానికి ఎన్ని రోజులు రావాలి, నోటీసు పీరియడ్ ఎంతవరకు పరవాలేదు అన్నవి.

రెజ్యూమే అప్‌లోడ్‌ను మొదటి అడుగులో తప్పనిసరి చేయకండి. చాలామందికి అది ఫోన్‌లో ఉండదు. పైగా గూగుల్ ఫామ్స్‌లో ఫైలు అప్‌లోడ్ ప్రశ్న పెడితే నింపేవారు గూగుల్ ఖాతాతో సైన్ ఇన్ కావలసిందే. ముందు నంబరు తీసుకుని, రెజ్యూమేను తరువాత వాట్సాప్‌లో పంపమని అడగడం మేలు.

పుట సిద్ధమైందని చెప్పడానికి ముందు చూడవలసినవి:

- మొబైల్ డేటా మీద, వైఫై ఆపేసి, పుట వెంటనే తెరుచుకుంటోందా? భారీ ఫొటోలు, వీడియోలు తీసేశారా?
- లాగిన్, యాప్ డౌన్‌లోడ్, కూపన్ పాపప్ వంటివి అడ్డు రావడం లేదు కదా?
- ఫైలు డ్రైవ్‌లో ఉంటే, మీ ఖాతా లేని ఫోన్‌లోనూ తెరుచుకుంటోందా?
- తెలుగుతోపాటు హిందీ బటన్ ఉందా? పారిశ్రామిక వాడల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు గణనీయంగా ఉంటారు. పాతబస్తీ కోసమైతే ఉర్దూ కూడా చేర్చండి.

## 3. లింకును నిర్ణయించడం

కోడ్‌లు రెండు రకాలు. స్టాటిక్ కోడ్‌లో గమ్యం చిరునామా నేరుగా ఉంటుంది, దానిని మార్చలేము, దానికి గడువు కూడా ఉండదు. డైనమిక్ కోడ్‌లో ఒక చిన్న మధ్యవర్తి లింకు ఉంటుంది. అది ఎక్కడికి తీసుకెళ్లాలో తరువాత ఎప్పుడైనా మార్చవచ్చు, ఎన్నిసార్లు తెరిచారో లెక్కించవచ్చు. ముద్రించే పని ఏదైనా డైనమిక్ పద్ధతే మేలు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఉచితం అని చెప్పే సైట్లలో కొన్ని మధ్యవర్తి లింకును తమ డొమైన్ మీద పెట్టి, ట్రయల్ గడువు ముగిశాక దానిని ఆపేసి చందా కట్టమంటాయి. అప్పటికి పోస్టర్లు గోడల మీద ఉంటాయి, బేరమాడే పరిస్థితి మీకు ఉండదు. అందువల్ల మీ సొంత డొమైన్ మీదే చిన్న లింకు పెట్టి, అక్కడి నుంచి అసలు పుటకు మళ్లించండి. వెబ్‌సైటు చూసుకునేవారికి ఇది కొద్ది నిమిషాల పని. మళ్లింపు 302 రకంగా, అంటే తాత్కాలికంగా, పెట్టమని చెప్పండి. 301 శాశ్వతమైన మళ్లింపు కాబట్టి, కొన్ని బ్రౌజర్లు పాత గమ్యాన్ని గుర్తుంచుకుని మీరు మార్చినా పాతచోటికే వెళ్తాయి.

సొంత డొమైన్‌కు ఇంకో ప్రయోజనం ఉంది. స్కాన్ చేయగానే కెమెరా తెర మీద చిరునామా కనిపిస్తుంది. అక్కడ పోస్టరు మీద ఉన్న పేరే కనబడితే వేలు ధైర్యంగా నొక్కుతుంది.

లింకు ఎంత పొట్టిగా ఉంటే కోడ్‌లో గళ్లు అంత తక్కువగా, పెద్దవిగా ఉంటాయి. సుమారు 30 అక్షరాల లింకు, దిద్దుబాటు స్థాయి ఎం వద్ద (కోడ్ కొంత పాడైనా చదవగలిగే శక్తి ఇది, వివరం తరువాతి భాగంలో), పక్కకు 29 గళ్లు, నిలువుకు 29 గళ్లు ఉన్న కోడ్‌లో ఇముడుతుంది. ఇప్పుడు ఆ లింకు చివర తెలుగులో ‘ఉద్యోగాలు’ అని చేర్చారనుకోండి. ఆ మాటలో కంప్యూటర్ లెక్కలో తొమ్మిది సంకేతాలు ఉంటాయి, ఒక్కొక్కదానికి మూడు బైట్లు, వెబ్ చిరునామాలో ఒక్కో బైటు మూడు అక్షరాలుగా మారుతుంది. అంటే ఒక్క మాటకు 81 అక్షరాలు. కోడ్ 45 గళ్లకు పెరుగుతుంది. తెలుగు పుటలో ఉండాలి, పోస్టరు మీద ఉండాలి, లింకులో మాత్రం వద్దు.

విజిటింగ్ కార్డులోనూ ఇదే సమస్య. పేరు, హోదా, రెండు నంబర్లు, చిరునామా అన్నీ నేరుగా కోడ్‌లో కూరితే గళ్లు ఇసుక రేణువుల్లా తయారవుతాయి. ఆ వివరాలను ఒక పుటలో ఉంచి, దాని లింకును కోడ్‌గా చేయండి.

వాట్సాప్‌కు పంపాలనుకుంటే, నొక్కగానే మీతో చాట్ తెరిచే క్లిక్ టు చాట్ లింకు వాడండి. అందులో నంబరుకు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు, మొదట్లో సున్నాలు, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ‘ప్యాకింగ్ పని గురించి’ వంటి సందేశాన్ని ముందే నింపి పెట్టవచ్చు. ఆ తెలుగు సందేశం వల్ల లింకు పొడవవుతుంది కాబట్టి దీనికీ మీ చిన్న లింకు ద్వారానే మళ్లింపు పెట్టండి.

ప్రతి చోటికి వేర్వేరు చిన్న లింకు ఉండాలి. మియాపూర్ పోస్టరుకు ఒకటి, బీహెచ్ఈఎల్ గేటు దగ్గరి పోస్టరుకు ఒకటి, పత్రికతో వచ్చే కరపత్రానికి ఒకటి. అన్నీ ఒకే పుటకు వెళ్లవచ్చు, లెక్క మాత్రం విడిగా తేలుతుంది. గూగుల్ అనలిటిక్స్ వాడేవారు యూటీఎం ట్యాగులను (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే, లింకు చివరి గుర్తులను) మళ్లింపు గమ్యంలో పెట్టాలి, కోడ్‌లో పెట్టకూడదు.

## 4. కోడ్ తయారు చేయడం

దిద్దుబాటు స్థాయిలు నాలుగు: ఎల్, ఎం, క్యూ, హెచ్. కోడ్‌లో వరుసగా సుమారు 7, 15, 25, 30 శాతం పాడైనా చదవగల శక్తి వీటికి ఉంటుంది. స్థాయి పెంచితే గళ్ల సంఖ్యా పెరుగుతుంది. లోపల గోడ మీద, బల్ల మీద పెట్టేవాటికి ఎం చాలు. ఎండకూ దుమ్ముకూ ఉండే పోస్టర్లకు క్యూ. మధ్యలో లోగో పెట్టి తీరాలంటే హెచ్ తీసుకుని, లోగోను చాలా చిన్నదిగా ఉంచండి.

నా ఉద్దేశంలో మధ్యలో లోగో అనవసరం. అది పక్కన ఎలాగూ ఉంటుంది, కోడ్ మధ్యకు వచ్చి చేసే మేలేమీ లేదు. మూడు మూలల్లో ఉండే పెద్ద చతురస్రాలను గుండ్రంగా, పువ్వుల్లా మార్చే డిజైన్ల గురించి కూడా ఇదే మాట. కెమెరా కోడ్‌ను గుర్తుపట్టేదే ఆ మూడు చతురస్రాలతో.

- ముదురు రంగు గళ్లు, లేత నేపథ్యం. తెలుపు గళ్లు నలుపు మీద వేస్తే కొన్ని ఫోన్లు చదవవు.
- పసుపు, లేత నారింజ, వెండి, బంగారు రంగులు గళ్లకు వాడవద్దు.
- చుట్టూ నాలుగు గళ్ల వెడల్పున ఖాళీ అంచు తప్పనిసరి. డిజైనర్లు స్థలం కోసం మొదట కోసేది దీనినే.
- ఫొటో మీద నేరుగా వేయవద్దు. తెల్ల పెట్టె వేసి అందులో ఉంచండి.
- ఫైలును ఎస్‌వీజీ లేదా పీడీఎఫ్ రూపంలో దించుకోండి. ఎంత పెంచినా అంచులు చెదరవు.

## 5. కొలత

స్కాన్ చేసే దూరాన్ని పదితో భాగిస్తే కోడ్ ఉండవలసిన కనీస వెడల్పు వస్తుంది. ఇది ఉజ్జాయింపు సూత్రం, అయినా పనికొస్తుంది.

- చేతిలో కరపత్రం, 25 సెంటీమీటర్లు: 2.5 సెంటీమీటర్లు
- రిసెప్షన్ స్టాండీ, ఒక మీటరు: 10 సెంటీమీటర్లు
- గేటు పక్క పోస్టరు, రెండు మీటర్లు: 20 సెంటీమీటర్లు
- రోడ్డు అవతలి హోర్డింగు, పది మీటర్లు: ఒక మీటరు

విజిటింగ్ కార్డు మీద కూడా 2 సెంటీమీటర్లకు తగ్గకండి. ఆ వెడల్పులో 29 గళ్ల కోడ్ అయితే ఒక్కో గడి 0.69 మిల్లీమీటర్లు ఉంటుంది, 45 గళ్లదైతే 0.44 మిల్లీమీటర్లే. నాసిరకం కాగితం మీద సిరా కాస్త పాకినా రెండోది చదవడం కష్టమవుతుంది.

## 6. పక్కన రాసే మాటలు

మన నగరంలో టీ కొట్టు నుంచి కూరగాయల బండి దాకా కోడ్ అంటే చెల్లింపు. కోడ్ కనబడగానే చేయి ఫోన్‌పే వైపో గూగుల్ పే వైపో పోతుంది. మీ వెబ్ లింకు కోడ్‌ను చెల్లింపు యాప్‌తో స్కాన్ చేస్తే చాలాసార్లు కోడ్ చెల్లదు అనే సందేశం వచ్చి ఆగిపోతుంది, చూసినవారు పోస్టరే పనిచేయడం లేదనుకుని వెళ్లిపోతారు. పైగా ఉద్యోగం పోస్టరు మీద కోడ్ చూడగానే డబ్బు కట్టమంటున్నారేమో అన్న అనుమానమూ వస్తుంది.

కాబట్టి ‘స్కాన్ చేయండి’ అన్న రెండు మాటలు చాలవు. ఏమి దొరుకుతుంది, దేనితో స్కాన్ చేయాలి, డబ్బుతో సంబంధం లేదు అన్న మూడు విషయాలూ ఉండాలి. గోదాము పోస్టరుకు ఇలా:

> జీతం, షిఫ్టు, బస్సు వివరాలకు ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి.
> పేమెంట్ యాప్ వద్దు. డబ్బు కట్టే పని లేదు.
> స్కాన్ కాకపోతే ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి.

దంత వైద్యశాలకు ‘అపాయింట్‌మెంట్ కోసం కెమెరాతో స్కాన్ చేయండి’ అన్నది చాలు. కోడ్ కింద చిన్న లింకును అక్షరాల్లో కూడా వేయండి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ కెమెరా నేరుగా కోడ్ చదువుతుంది, ఆండ్రాయిడ్‌లో చాలావాటికి కెమెరాయో గూగుల్ లెన్సో సరిపోతుంది. పాత ఫోన్లు, పగిలిన కెమెరాలు ఉన్నవారికి నంబరే దిక్కు. దానిని కోడ్‌తో సమానమైన పరిమాణంలో ముద్రించండి.

## 7. ప్రెస్సుకు పంపడం

ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా మెయిల్ చేయండి. ఛత్తాబజారు ప్రెస్సులోనైనా, మీ వీధి ఫ్లెక్సీ దుకాణంలోనైనా డీటీపీ చేసేవారికి ఈ నాలుగు మాటలు రాతలో ఇవ్వండి:

- కోడ్‌ను ఒక వైపే సాగదీయవద్దు.
- చుట్టూ ఉన్న తెల్ల అంచును కోయవద్దు.
- స్క్రీన్‌షాట్ తీసి పెట్టవద్దు, ఇచ్చిన ఫైలునే వాడండి.
- నలుపు ఒక్క సిరాతోనే వేయండి. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే, ఒకదాని మీద ఒకటి పడే ఆ రంగుల అమరిక (రిజిస్ట్రేషన్) కాస్త జరిగినా అంచులు మసకబారతాయి.

మొత్తం ముద్రణకు ముందు ఒక ప్రూఫ్ అసలు కాగితం మీద, అసలు కొలతలో తీయించి స్కాన్ చేసి చూడండి. కంప్యూటర్ తెర మీద చదివింది కదా అని ఒప్పుకోవద్దు. మెరిసే లామినేషన్ ట్యూబ్‌లైటు కింద వెలుగును తిప్పికొడుతుంది, మ్యాట్ అడగండి. ఫ్లెక్సీని కట్టేటప్పుడు ముడత కోడ్ మీద పడకుండా, దానిని అంచులకు దూరంగా ఉంచండి.

## 8. ఎక్కడ పెట్టాలి

కోడ్ ముందు మనిషి కనీసం పదిహేను ఇరవై సెకన్లు నిలబడే చోటు కావాలి. అక్కడ సిగ్నల్ ఉండాలి, ఫోన్ తీయడం ప్రమాదం కాకూడదు. ఈ మూడూ కుదిరే చోట్లు నగరంలో చాలానే ఉన్నాయి: మెట్రో ప్లాట్‌ఫారాలు, బస్ షెల్టర్లు, హాస్టళ్ల నోటీసు బోర్డులు, టిఫిన్ సెంటర్ల కౌంటర్లు, అపార్టుమెంటు లిఫ్టు బయటి గోడ. లిఫ్టు లోపల సిగ్నల్ పోతుంది, సెల్లార్ పార్కింగ్‌లో అసలే ఉండదు. పోస్టరును గ్రౌండ్ ఫ్లోర్ తలుపు పక్కన పెట్టండి.

మెట్రో మన దగ్గర పూర్తిగా ఎలివేటెడ్ కాబట్టి సొరంగంలో సిగ్నల్ పోయే బెడద లేదు. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మార్గం ఐటీ ఉద్యోగులకు, ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ మార్గం అన్ని రకాల అభ్యర్థులకు పనికొస్తాయి, అమీర్‌పేటలో రెండూ కలుస్తాయి. స్టేషన్లలో ప్రకటన స్థలం అద్దెకు తీసుకోవలసిందే. స్తంభాలకు, ఫ్లైఓవర్లకు, ప్రభుత్వ గోడలకు అనుమతి లేకుండా పోస్టరు అంటిస్తే నగరపాలక సంస్థ జరిమానా వేస్తుంది. పోస్టరు మీద మీ నంబరు ఉంటుంది కాబట్టి ఎవరు వేశారో వెతికే శ్రమ కూడా వారికి ఉండదు.

కదులుతున్న బస్సుల మీద, రోడ్డు డివైడర్ల మీద కోడ్ వద్దు. చదవగలిగేది బండి నడిపేవారే, వారు చదవకూడదు. ఆటో వెనుక వేయాలనుకుంటే కోడ్ బదులు పొట్టి డొమైన్ పేరును పెద్ద అక్షరాల్లో వేయండి. ఆటో లోపల, ప్రయాణికుల ఎదురుగా ఉన్న సీటు వీపు మీద మాత్రం కోడ్ బాగా పనిచేస్తుంది.

సాధారణంగా ఏటా జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్ ప్రదర్శన వంటి చోట్ల, హైటెక్స్ ప్రదర్శన కేంద్రంలోని జాబ్ మేళాల్లో జనం పెరిగేకొద్దీ నెట్ నెమ్మదిస్తుంది. అక్కడికి బొమ్మలు లేని పుటను ప్రత్యేకంగా తయారు చేసి, స్టాల్‌లో ఒక కాగితపు రిజిస్టరు కూడా ఉంచుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టరు బొమ్మ పెట్టేటప్పుడు కోడ్‌తో లాభం తక్కువ. చూసేవారి చేతిలో ఉన్నది ఆ ఒక్క ఫోనే, దాని తెరను అదే కెమెరాతో స్కాన్ చేయలేరు. బొమ్మతోపాటు లింకును అక్షరాల్లో ఇవ్వండి.

## 9. అంటించే ముందు పరీక్ష

- ఒక ఐఫోన్, ఒక కొత్త ఆండ్రాయిడ్, నాలుగైదేళ్ల పాత చవక ఆండ్రాయిడ్ ఒకటి: మూడింటితో స్కాన్ చేయండి.
- అనుకున్న దూరం నుంచి, పక్క కోణం నుంచి, మధ్యాహ్నం ఎండలో, రాత్రి వీధిలైటు కింద చూడండి.
- ఈ పనితో సంబంధం లేని ఒకరికి పోస్టరు చూపించి, ఏమీ చెప్పకుండా గమనించండి. వారు ఏ యాప్ తెరుస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు అన్నవి రాసుకోండి.
- ఫారం నింపి చూడండి. ఆ వివరాలు నిజంగా మీ మనిషికి చేరాయా?
- పోస్టరు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. ఎత్తారా?

## 10. వాక్-ఇన్ రోజు, వివరాల సేకరణ

వాక్-ఇన్ ఇంటర్వ్యూలకు గేటు దగ్గర ఒక కోడ్ పెట్టి, వచ్చినవారే పేరు నమోదు చేసుకుని టోకెన్ నంబరు పొందేలా చేస్తే సెక్యూరిటీ బల్ల దగ్గర తొక్కిసలాట తగ్గుతుంది. అదే కోడ్‌ను మూడు నాలుగు చోట్ల అంటించండి, లేకపోతే కోడ్ ముందే క్యూ తయారవుతుంది. ఫోన్‌లో నెట్ లేనివారి కోసం ఒక మనిషి ట్యాబ్‌తో నిలబడాలి. కాలేజీలో ప్రెజెంటేషన్ తెర మీద కోడ్ చూపేటప్పుడు కనీసం అర నిమిషం ఆపండి, చివరి వరుస దూరాన్ని బట్టి పరిమాణం పెంచండి.

సేకరించిన పేర్లు, నంబర్లు వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలని ఆ చట్టం చెబుతుంది. తెలుగు ఆ జాబితాలో ఉంది. ఫారం కింద ఇలా రాస్తే చదివేవారికి విషయం స్పష్టమవుతుంది: ‘ఈ వివరాలను ఈ ఉద్యోగం కోసం మాత్రమే వాడతాము. ఇతరులకు ఇవ్వము. తొలగించమని ఈ నంబరుకు చెప్పవచ్చు.’ రాసినట్టే నడుచుకోవాలి. ఆధార్, బ్యాంకు వివరాలను మొదటి ఫారంలో అడగవద్దు, అవి ఉద్యోగం ఖాయమయ్యాక తీసుకునేవి.

## 11. లెక్క చూసుకోవడం

స్కాన్ల సంఖ్య ఒక్కటే చూసి సంతోషించకండి. ఒకే వ్యక్తి మూడుసార్లు తెరవవచ్చు, లింకును వాట్సాప్‌లో పంచితే ప్రివ్యూ కోసం జరిగే తనిఖీ కూడా లెక్కలో చేరవచ్చు. చోటు, స్కాన్లు, నింపిన ఫారాలు, ఇంటర్వ్యూకు వచ్చినవారు, చేరినవారు అని అయిదు గడుల పట్టిక వేసుకోండి. మియాపూర్‌లో 200 స్కాన్లకు 10 ఫారాలు, బీహెచ్ఈఎల్ గేటు దగ్గర 40 స్కాన్లకు 12 ఫారాలు వచ్చాయనుకుందాం. మొదటిచోట పోస్టరు బాగుంది, పుట వారికి సరిపోలేదు. బహుశా ఆ ప్రాంతం నుంచి బస్సు వేళ కుదరడం లేదేమో, ఫోన్ చేసి అడగండి. స్కాన్లే రాని చోట లోపం పోస్టరుదో స్థలానిదో అయి ఉంటుంది. ఫారాలు వచ్చి మనుషులు రాకపోతే మీ వైపు నుంచి ఫోన్ ఆలస్యంగా వెళ్తోందని అర్థం.

## 12. తరచుగా వచ్చే లోపాలు, సవరణలు

కెమెరా అసలు గుర్తించడం లేదు. తెల్ల అంచు కోసేశారేమో, రంగుల తేడా చాలదేమో చూడండి. తెల్ల కాగితం మీద సరిగా ముద్రించిన స్టిక్కరును, అంచుతో సహా, పాతదాని మీద అంటించడం తక్షణ పరిష్కారం.

దగ్గరికి వెళ్తే చదువుతోంది, దూరం నుంచి చదవడం లేదు. లింకు పొడవుగా ఉంది, లేదా కోడ్ చిన్నది. లింకు కుదించి మళ్లీ ముద్రించాలి.

కోడ్ చదువుతోంది, పుట తెరుచుకోవడం లేదు. మళ్లింపు ఆగిపోయింది, లేదా డ్రైవ్ ఫైలుకు అనుమతి లేదు. ఇది కంప్యూటర్ దగ్గర కూర్చునే సరిదిద్దవచ్చు.

మీ పోస్టరు మీద వేరేవారి కోడ్ కనిపించింది. చెల్లింపు కోడ్‌ల మీద స్టిక్కరు అంటించే మోసమే ఉద్యోగ పోస్టర్ల మీద కూడా జరగవచ్చు. వారానికోసారి ఒక మనిషి తిరిగి స్కాన్ చేసి చూడాలి, వేలితో తడిమి పైన పొర ఏదైనా ఉందేమో పరిశీలించాలి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదన్న విషయాన్ని మీ పుటలో ఒక వాక్యంగా చేర్చండి. ఎవరైనా మోసపోయారని తెలిస్తే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు వెంటనే ఫోన్ చేయమనండి.

## 13. పని అయిపోయాక

ఉద్యోగాలు భర్తీ అయిన రోజునే చిన్న లింకు గమ్యాన్ని మార్చండి. కొత్త పుటలో ఈ ఖాళీలు నిండాయని, తరువాతి నియామకాలకు నంబరు ఇచ్చి వెళ్లవచ్చని రెండు వాక్యాలు చాలు. పోస్టర్లను మీరు తొలగించినా ఎవరో తీసుకున్న ఫొటో గ్రూపుల్లో నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది, అలా వచ్చినవారికి తప్పుల పుట చూపించకూడదు.

డొమైన్ గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ఆటో రెన్యువల్ పెట్టండి. అది జారిపోతే మరెవరైనా కొనుక్కోవచ్చు, అప్పుడు మీ పేరుతో ఉన్న ప్రతి పాత పోస్టరూ వారి పుటకే దారి తీస్తుంది.